ఇరవై గజాల ఆరంగుళాలు

బేస్‌బాల్ ఆటని నేను ఏనాడూ మైదానంలో కూర్చుని చూడలేదు. అయినా అయిదేళ్ళ పాటు ఆ ఆటే నాకు అన్నం పెట్టింది. బర్మాలోని యాంగోన్‌లో, పజుండౌంగ్ పేటలో, మా నాన్న బట్టల కొట్టుకి పైనున్న గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఎక్కడో సముద్రాల అవతల ఎవరో విసిరిన బంతుల వీడియోలు ఒక్కొక్కటే చూసి గడులు నింపడం నా ఉద్యోగం. బంతి ఏ రకం, ఎక్కడ పడింది, కొట్టేవాడు బ్యాటు తిప్పాడా లేదా, తిప్పితే తగిలిందా. రోజుకి ఏడెనిమిది వందల బంతులు. అంతకు ముందు పదేళ్ళు ఇంటింటికీ తిరిగి లెక్కల ట్యూషన్లు చెప్పాను. పిల్లల మొహాలు చూడడం కంటే బంతుల్ని చూడడం నాకు హాయిగా ఉండేది. నా స్వభావం అలాంటిది, దాచుకునే పనేమీ లేదు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. క్రికెట్‌లో బౌలర్ ఉన్నట్టే ఇందులో పిచ్చర్ ఉంటాడు. పరిగెత్తుకు రాడు. ఒక మట్టిదిబ్బ మీద నిలబడి విసురుతాడు. బంతి నేల తగలకుండా కొట్టేవాడి దగ్గరికి పోవాలి. పాతకాలం వాళ్ళు పిచ్చర్ మంచివాడా కాదా అన్నది అతను ఎన్ని పరుగులిచ్చాడన్న దాన్ని బట్టి తేల్చేవారు. అందులో అన్యాయం ఉంది. గాల్లోకి లేచిన బంతిని పట్టేవాడు చురుకైనవాడైతే పిచ్చర్‌కి పేరు, మొద్దయితే చెడ్డపేరు. అందుకని ఈమధ్య లెక్కలవాళ్ళు పట్టేవాళ్ళనీ అదృష్టాన్నీ పక్కకి తీసేసి, పిచ్చర్ చేతిలో ఉన్నవి మాత్రమే చూస్తారు. ఎంతమందిని బ్యాటు తగలనివ్వకుండా పంపించాడు, గురి తప్పి ఎంతమందిని ఊరికే నడిచిపోనిచ్చాడు, ఎన్ని బంతులు మైదానం దాటాయి. ఇంకా లోపలికి వెళ్తే, బంతి చేతిని వదిలే చోటు ప్రతిసారీ ఒక్కటేనా, చివర్లో ఎంత ఒరుగుతోంది, మొదటి బంతికీ వందో బంతికీ వేగం ఎంత తగ్గింది. మనిషి చేతిలో ఏముందో, ఏం లేదో విడదీసి చూపించే విద్య అది. నాకు తెగ నచ్చింది. ప్రతిదానికీ గ్రహాలనో పక్కింటివాళ్ళనో తిట్టుకునే ఇళ్ళ మధ్య పెరిగినదాన్ని.

నాన్న వీటిని కాకిలెక్కలు అనేవాడు. "ఏటమ్మా, ఈ పూట ఎన్ని బంతులు సూసినావు?" అని కింద నుంచి కేకేసేవాడు. కొట్టు మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పెట్టినది. మా వీధిలో మిగిలిన తెలుగు కొట్లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అమ్మ పోయి చాలా కాలమైంది. ఇంట్లో నాన్నా నేనూ ఇద్దరమే. డెబ్బై నాలుగేళ్ళ వయసులో కూడా గజంబద్ద చేతిలో పడితే ఆయన నడుం నిటారుగా నిలిచేది. పనిలో ఉన్నప్పుడు ఆయనతో మాట్లాడితే చిరాకు. నాకూ అంతే. అందుకే ఇద్దరికీ బాగానే గడిచేది.

కోవిడ్ రెండో విడత వచ్చినప్పుడు ఊరంతా ఇళ్ళలోనే ఉండాలని ఆర్డరు వేశారు. ఒక పేట నుంచి ఇంకో పేటకి వెళ్ళడం కష్టమైపోయింది. మా కొట్టుకి జాకెట్లు కుట్టే ఒకావిడ వెనక సందులో ఉండేది. ఆవిడ మేనల్లుడు వాగు మీది వంతెనకి అవతలున్న తాకేటా పేట నుంచి ఒక కుట్టుమిషను మోటారు తెచ్చివ్వడానికి వచ్చి, ఆవిడ ఇంట్లోనే చిక్కుబడిపోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. తండ్రి గంజాం వైపు తెలుగువాడు, తల్లి బర్మా ఆవిడ. తెలుగు వింటే అంతా అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం తడుముకుంటాడు.

అతను నాకు మొదట చప్పుడుగా పరిచయమయ్యాడు. వెనక సందులో గోడకి ఏదో తగులుతోంది. పన్నెండు సెకన్లకొకటి, మళ్ళీ పన్నెండు సెకన్లకొకటి. వీధి పిల్లలు బంతాడితే అలా ఉండదు. కిటికీలోంచి తొంగి చూశాను. సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు ఎడమకాలు పైకి లేపి, ఒళ్ళంతా ఒక్కసారి విప్పి బంతి విసురుతున్నాడు. అన్నాళ్ళూ తెరమీద చూసినదాన్ని మొదటిసారి మనిషిగా చూశాను. నా అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఇరవై బంతుల్లో పద్నాలుగు ఒకే ఇటుక మీదో దాని పక్క ఇటుక మీదో పడ్డాయి.

కిందికి దిగి అడిగాను. మింగళాడోన్ వైపు ఒక మైదానంలో జపాన్ నుంచి వచ్చిన ఒక మాష్టారు నడిపే జట్టులో పిచ్చర్‌నని చెప్పాడు. మాష్టారు కోవిడ్‌తో తన దేశం వెళ్ళిపోయాడట. మైదానానికి తాళం వేశారట. "చెయ్యి మర్సిపోద్దని ఏస్తన్నాను, అక్కా" అన్నాడు, తప్పు చేసి దొరికినట్టు.

అదే నెలలో మా కంపెనీలో నా పైన ఉండే ఆవిడ ఒక కబురు చెప్పింది. జపాన్‌లో ఒక చిన్న ఊరి జట్టు, ఆసియా దేశాల నుంచి ఇద్దరు ముగ్గురు పిచ్చర్లను పరీక్షకి పిలవాలనుకుంటోంది. ఎవరూ ప్రయాణాలు చేసే రోజులు కావు గనక వీడియోలూ లెక్కలూ పంపితే చాలు. నచ్చితే పిలుపు ఉత్తరం పంపుతారు, ఆ ఉత్తరంతో వీసా వస్తుంది. కానీ ముందు ఒక గుమ్మం ఉంది. బంతి వేగం గంటకి నూట ముప్పై కిలోమీటర్లకి తగ్గితే మిగతా లెక్కలు చూడను కూడా చూడరు. నాకు ఆ గుమ్మం నచ్చలేదు. గురి ఉన్నవాడికి వేగం అంత అవసరం లేదని నిరూపించే కాగితాలు నా దగ్గర బోలెడు ఉన్నాయి. కానీ నన్నెవరు అడిగారు?

పని మొదలుపెట్టాం. వాగు ఒడ్డున నాన్న స్నేహితుడి గోదాము ఒకటి ఖాళీగా ఉంది. పొడుగాటి గోదాము, పైన రేకులు, కింద సిమెంటు. పిచ్చర్ నిలబడే పలకకీ అవతల కొట్టేవాడి దగ్గరుండే ప్లేటుకీ మధ్య దూరం అరవై అడుగుల ఆరంగుళాలుండాలి. నేను టేపు కోసం వెతుకుతుంటే నాన్న అడ్డుపడ్డాడు. "బట్ట టేపు సాగిపోద్ది. ఇరవై గజాల ఆరంగుళాలేగదా, నేను కొలిసిస్తాను" అని గజంబద్ద తెచ్చాడు. పైన ముద్ర ఉన్న ఇనప బద్ద, ముత్తాత నాటిది. దాన్ని నమ్మకపోవడానికి నాకు కారణం కనిపించలేదు. నేల మీద వంగి, బద్ద పెట్టి, చివర బొటనవేలు ఆనించి, అక్కడి నుంచి మళ్ళీ బద్ద పెడుతూ, కొట్లో బట్ట కొలిచినంత చులాగ్గా గోదాము ఈ చివరి నుంచి ఆ చివరికి కొలుచుకుంటూ పోయాడు. నేను పక్కన నడుస్తూ పుస్తకంలో గీతలు పెట్టాను. ఇరవై గీతలయ్యాక ఆరంగుళాలు కలిపి సుద్దముక్కతో గీసి, లేచి నడుం పట్టుకుని, "మా ఇంటి కొలత ఏనాడూ తప్పు రాదు, రాసుకో" అన్నాడు ఆ అబ్బాయితో. అతను తలొంచి నవ్వాడు.

ప్లేటు వెనక ఒక టార్పాలిన్ వేలాడదీసి దాని మీద బంతి పడాల్సిన మేర పెట్టె బొమ్మ గీశాను. నా ఫోను స్టాండు మీద పెట్టి సెకనుకి రెండువందల నలభై బొమ్మలు తీసేలా చేశాను. బంతి చేతిని వదిలిన బొమ్మ నుంచి టార్పాలిన్‌కి తగిలిన బొమ్మ దాకా లెక్కపెడితే సమయం తెలుస్తుంది. దూరాన్ని సమయంతో భాగిస్తే వేగం. అతను అడుగు ముందుకేసి విసురుతాడు గనక ఆ అడుగు తీసేశాను. గాలికి తగ్గే వేగాన్ని కలిపాను. మూడునెలల పాటు వారానికి నాలుగు ఉదయాలు, పూటకి అరవై బంతులు. నాన్న ముక్కాలిపీట మీద కూర్చుని చూసేవాడు. బంతి పెట్టెలో పడితే తల ఊపేవాడు, బయట పడితే పక్కకి తిరిగి గొంతు సవరించుకునేవాడు.

లెక్కలు ఒక విషయంలో నన్ను ఇబ్బంది పెట్టాయి. అతని పాత ఆటల వీడియోలు కొన్ని నా దగ్గరున్నాయి, ఎవరో చేత్తో పట్టుకు తీసినవి. వాటిల్లో కంటే గోదాములో బంతి కాస్త నెమ్మదిగా వస్తోంది. పైగా ప్రతిసారీ ఒక బెత్తెడు కిందికి పడుతోంది. గురి తప్పడం కాదు, అన్నీ కలిసికట్టుగా కిందికే. నేను దానికి వివరణ కనిపెట్టాను. ఇంట్లో కూర్చుని కూర్చుని భుజంలో బిగువు తగ్గి ఉంటుంది అనుకున్నాను. పాత వీడియోలు ఎలాగూ నమ్మదగినవి కావనుకున్నాను. లెక్కలు తెలిసినవాళ్ళతో ఇదే చిక్కు. దేనికైనా కారణం చెప్పగలం.

ఫిబ్రవరి మొదటి తేదీ తెల్లారేసరికి ఫోన్లు పనిచేయలేదు. సైన్యం మళ్ళీ వచ్చి కూర్చుందని పక్కింటివాళ్ళు గోడ మీంచి చెప్పారు. నాన్న షట్టరు సగం దించాడు. ఎనభై ఎనిమిదిలో ఊరు ఇలాగే రగిలినప్పుడు ఆయన నెల పైన షట్టరు దించుకుని కూర్చున్నవాడు. "మనం ఈ గొడవల్లోకి దిగకూడదమ్మా" అన్న మాట నా చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్నదే. నాకు దానితో పేచీ లేదు. నేను ఏ గొడవల్లోకీ దిగే మనిషిని కాను.

ఆ అబ్బాయి దిగాడు. పొద్దున్నే వచ్చి అరవై బంతులూ వేసి, ముఖం కడుక్కుని, సైన్యం వద్దంటూ సాగే ఊరేగింపుకి పోయేవాడు. నాతో చెప్పేవాడు కాదు. చెప్పక్కర్లేదు కూడా. ముందురోజు ఎండలో తిరిగి అరిచి వచ్చిన పొద్దున బంతి చేతిని వదిలే చోటు నాలుగు వేళ్ళ కిందికి దిగేది. "నిన్న ఎంత దూరం నడిచావు?" అని అడిగితే కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవాడు. భుజానికి దెబ్బ తగిలితే ఏం చేస్తావని ఒకరోజు కోప్పడ్డాను. కోపం మాత్రమే కాదు, భయం కూడా వేసింది. ఆ సంగతి నా ముఖంలో కనపడనివ్వలేదు.

పద్నాలుగు పేజీల రిపోర్టు రాశాను. నేను రాసిన వాటిల్లో అంత శుభ్రమైనది ఇంకొకటి లేదు. గురి మీద నాలుగు పేజీలు, బంతి వదిలే చోటు మీద మూడు. పాత ఆటల్లో పట్టేవాళ్ళు చేసిన పొరపాట్లన్నీ తీసేస్తే అతను ఇచ్చిన పరుగులు సగానికి తగ్గుతాయని చూపించాను. వేగం దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు నూట ఇరవై ఏడు అని రాసి, లాక్‌డౌన్ వల్ల భుజం బలహీనపడి ఉండవచ్చునని నా వివరణ కింద చేర్చాను. రాత్రిళ్ళు ఇంటర్నెట్ ఆపేసి పొద్దున తొమ్మిదికి వదిలేవారు. తొమ్మిదీ పదికి రిపోర్టు పంపాను.

పదిరోజులకి జవాబొచ్చింది. గురి అసాధారణంగా ఉంది, వేగం మా కనీస పరిమితికి తక్కువ, శుభాకాంక్షలు. అంతే.

అతనికి సందులో చెప్పాను. "యాబాదే, అక్కా" అన్నాడు. పర్లేదు అని. టార్పాలిన్ విప్పి, మా కుళాయి దగ్గర ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చిచ్చాడు. వంతెన మీద రాకపోకలు మళ్ళీ సాగుతున్నాయి. మర్నాడు తాకేటా వెళ్ళిపోయాడు. నాకు బాధ కలగలేదని చెప్పను. కానీ లెక్క లెక్కే గదా అనుకున్నాను. మూడు కిలోమీటర్లు తక్కువంటే తక్కువే.

ఆ మార్చిలో తాకేటాలో ఉండడం అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇసుకబస్తాల అడ్డుకట్టలు, వాటి వెనక కుర్రాళ్ళు, సాయంత్రమయ్యేసరికి సైన్యం లారీలు. ఆ వయసు మగపిల్లల్ని ఇళ్ళలోంచి పట్టుకుపోతున్నారు. ఆ ఉత్తరం వచ్చి ఉంటే అతనికి రాచబాటన విమానాశ్రయం గుండా బయటపడే దారి ఉండేది. ఇప్పుడు లేదు.

మా వీధివాళ్ళు కూడా వీధి మొగలో ఒక నల్లగుడ్డ అడ్డంగా కట్టాలనుకున్నారు, లోపల ఎవరున్నారో లారీల్లోంచి కనపడకుండా. రిటైరైన బర్మా టీచరు ఒకావిడ వచ్చి నాన్న దగ్గర ఇరవై గజాలు తీసుకుంది. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చింది, చేతిలో ఒక ముక్క. ఇంట్లో కొలిస్తే అర గజం మీద రెండంగుళాలు ఎక్కువొచ్చిందట. పొరపాటున వచ్చినదాన్ని ఉంచుకోలేనని నిలబడింది. నాన్న నవ్వాడు. పొరపాటు కాదమ్మా, మా కొట్లో గజానికో బొటనవేలు కొసరు, మా తాత నేర్పిన పద్ధతి, బద్ద ఎత్తినప్పుడల్లా వేలు అడ్డంపెట్టి వేలి అవతల నుంచి కొలుస్తాం, చెయ్యి దానంతటదే అలా పోతుంది అని బర్మీస్‌లో ఆవిడకి విడమర్చి చెప్పాడు.

నేను మెట్ల మీద టీ గ్లాసుతో ఉన్నాను. నాన్న బొటనవేలిని పుట్టిన దగ్గర నుంచి చూస్తున్నాను. ఆయన గోదాములో వంగి కొలిచినప్పుడు కూడా పక్కనే ఉండి చూశాను. చూస్తూ గీతలు పెట్టుకున్నాను. ఇరవై గజాలు, ఇరవై బొటనవేళ్ళు.

ఉక్కు టేపు ఒకటి పక్క హార్డ్‌వేరు కొట్టులో అడిగి పట్టుకుని గోదాముకి వెళ్ళాను. సుద్దగీతలు చెరిగిపోలేదు. టేపు ఒక చివర ఇటుకతో అదిమిపెట్టి లాక్కుంటూ పోయాను. అరవై రెండడుగుల రెండంగుళాలు. మళ్ళీ కొలిచాను, అంతే. సిమెంటు మీద కూర్చుని ఫోనులో లెక్కవేశాను. బంతి అంత సమయంలో నేననుకున్న దానికంటే ఇరవై అంగుళాలు ఎక్కువ ప్రయాణించింది. కాబట్టి వేగం నూట ఇరవై ఏడు కాదు. నూట ముప్పై దాటి మరో ముప్పాతిక. బెత్తెడు కిందికి పడడానికి కారణం కూడా అదే. భుజంలో బిగువు తగ్గలేదు. అతని భుజానికి ఏమీ కాలేదు.

నా మీద నాకు ఒళ్ళు మండింది. సెకనుని రెండువందల నలభై ముక్కలు చేసి చూసినదాన్ని, దూరాన్ని ఒక్కసారి మళ్ళీ కొలవలేదు. ఆ మధ్యాహ్నమే రిపోర్టు తిరగరాసి, తప్పు పిచ్చర్‌ది కాదు, కొలత దగ్గర నాది అని రాసి, టేపు ఫోటోలు జతచేసి పంపాను. మొబైల్ నెట్టు అప్పటికే తీసేశారు. ఆఫీసు పనికోసం పెట్టించుకున్న తీగ లైను ఉండబట్టి వెళ్ళింది.

మర్నాడు నడిచి తాకేటా వెళ్ళాను. బస్సుల్లేవు. వంతెన మీద సైనికులు నా సంచి రెండుసార్లు వెతికారు. వాళ్ళ ఇల్లు చెక్క ఇల్లు, ముందుగదిలో వాళ్ళమ్మ మిషను కుడుతోంది. గుమ్మం పక్కన ఒక వీపుసంచి సర్ది ఉంది. అతను నాకు పీట వేశాడు. జరిగినదంతా చెప్పాను, ఒక్క అంకె కూడా వదలకుండా. అతను చివరిదాకా విని, "తెల్సు, అక్కా" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"దూరం ఎక్కువని. మొదటి వారంలోనే తెల్సు." మైదానంలో ఆటకి ముందు పలక నుంచి ప్లేటు దాకా పాదం ముందు పాదం వేసి నడవడం అతని అలవాటట. గోదాములో అలా నడిస్తే రెండు పాదాలు ఎక్కువొచ్చాయట.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఊలే కొలిసినాడు గదా" అన్నాడు. ఊలే అంటే బర్మా మాటలో బాబాయి లాంటిది. నాన్నని అలాగే పిలిచేవాడు. "మా ఇంటి కొలత తప్పు రాదని అన్నాడు. అంత పెద్దాయనతో మళ్ళీ కొలవమని ఎలాగ సెప్తాను. ఆనాదే, అక్కా." పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టాల్సివస్తుందేమోనని లోలోపల ముడుచుకుపోవడం, దానికి ఆ మాట. ఇక్కడ పుట్టినవాళ్ళు రోజుకి పదిసార్లు అంటారు. "రెండు పాదాలేగదా, కొంచెం గట్టిగా ఏస్తే సరిపోద్ది అనుకున్నాను."

"నాతో చెప్పొచ్చు గదా, నాన్నతో వద్దనుకుంటే."

అతను వీపుసంచి పట్టీ సర్దాడు. "నువ్వు పక్కనే రాసుకుంటన్నావు. నీకు తెలీకుండా ఉంటాదా అనుకున్నాను."

నాకు కోపం వచ్చింది, చాలా కోపం. అది అతని మీదా, నాన్న మీదా, నా మీదా అన్నది విడదీయడం నాకు చేతకాలేదు. వాళ్ళమ్మ మిషను ఆపి మా ఇద్దరివైపూ చూసింది. జవాబొచ్చేదాకా ఆగమన్నాను. ఎన్నాళ్ళన్నాడు. వారం అన్నాను. తల్లివైపు చూసి, "సూస్తాను" అన్నాడు. వంతెన మలుపుదాకా నాతో వచ్చి, ఊలేకి ఈ సంగతి చెప్పొద్దని ఒకటికి రెండుసార్లు అడిగాడు. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు.

ఆరోరోజున జవాబొచ్చింది. సవరించిన లెక్కల్ని వాళ్ళ మనిషి వీడియోలతో సరిచూశాడట. రమ్మన్నారు. పిలుపు ఉత్తరం జతచేశారు, కింద ఎర్రటి ముద్ర. నెలాఖరులోగా వీసాకి పెట్టుకోవాలి. వెంటనే అతనికి ఫోను చేశాను. తల్లి ఎత్తింది. మొన్న పొద్దున వాళ్ళ పక్క వీధిలో ఇళ్ళు వెతికారట. మధ్యాహ్నం కూరగాయల వ్యానులో ముగ్గురు స్నేహితులతో తూర్పు సరిహద్దు వైపు వెళ్ళిపోయాడట. దారిలో ఫోన్లు తెరిచి చూస్తున్నారని ఫోను ఇంట్లోనే వదిలేశాడు. నేను మాట్లాడుతున్నది ఆ ఫోనుతోనే.

ఎవరెవరి ద్వారానో కబురు పంపించాను. నెలాఖరు దాటిపోయింది. రెండునెలలకి సరిహద్దు అవతల నుంచి తల్లికి ఫోను చేశాడు. కాగితాలు లేకుండా ఒక చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరాడట. పెట్టెలు ఎత్తే పని. అప్పటికి జట్టువాళ్ళు ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేశారు. వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఉత్తరంలో గడువు స్పష్టంగానే రాశారు.

తల్లి ఈ సంగతి చెప్పిన రోజున నేను కిందికి దిగి కొట్లో కూర్చున్నాను. నాన్న తానులు సర్దుతున్నాడు. "ఆ అబ్బాయి సంగతేటి, జపాను ఎల్తాడా?" అని అడిగాడు. ఎప్పటికైనా అడుగుతాడని తెలుసు. చెప్పొద్దన్న మాట గుర్తుంది. కానీ తప్పు ఎక్కడ జరిగిందో తెలిసి నోరు మూసుకోవడం నావల్ల కాదు. మొత్తం చెప్పాను. టీచరు తెచ్చిన ముక్క నుంచి, గోదాములో టేపు, రెండు పాదాలు, ఉత్తరం, వ్యాను, చేపల డబ్బాలు. చెబుతున్నంతసేపూ ఆయన చేతుల్నే చూస్తున్నాను. చిన్నబుచ్చుకుంటాడనీ, నా బద్దని తప్పుపడతావా అంటాడనీ, ఆ అబ్బాయి భయపడిందంతా జరుగుతుందనీ అనుకున్నాను.

నాన్న తాను పక్కన పెట్టాడు.

"దూరం ఎక్కువొచ్చిందని ఆ పిల్లడికి ముందే తెల్సా?"

"తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు బాధపడతావని."

ఆయన నిజంగానే అర్థం కానట్టు నావైపు చూశాడు.

"నాకెందుకు బాధ? ఒక్క మాట సెప్పుంటే మళ్ళీ కొలిసీవోడిని గదా."

కొలిచేవాడే. బద్ద తీసుకుని గోదాముకి వెళ్ళి, వేలు అడ్డంపెట్టకుండా కొలిచి రావడం, అంతా కలిపి పావుగంట పని.